మంగళవారం, నాలుగూ పద్దెనిమిది

"తీసెయ్," అన్నాడు పెదనాన్న.

"ఏది పెదనాన్నా?"

"ఆ ఇంట్లో నువ్వు బిగించిన ఎక్స్‌టెండర్. మైకు, వైరు, కన్ను, మొత్తం. రేపు ఎంక్వైరీ కమిటీ ఆ ఇల్లు సోదా చేస్తుంది. పర్మిషన్ కాగితం లేకుండా పెట్టిన మైకు వాళ్ళ కంటబడితే నీ ఉద్యోగమూ ఉండదు, నా పెన్షనూ ఉండదు. గోడ మీద మేకు కన్నం కూడా మిగలకూడదు."

రబ్బరు స్టాంపుల దుకాణం వెనక, కిటికీ లేని గది. టైం మధ్యాహ్నం మూడు. టేబుల్ మీద ఒక ఫైలు, చల్లారి మీగడ కట్టిన టీ.

పెదనాన్న నిజానికి ఎవరికీ పెదనాన్న కాడు. ఏజెన్సీ ఛీఫ్. దారిన పోయేవాళ్ళ చెవిన పడినా ఏదో ఇంటి గొడవ అనుకోవాలని ఆ ఏజెన్సీలో అందరికీ వరసలే కోడ్ నేములు. టెక్నికల్ సెక్షన్ హెడ్ అత్తయ్య. పరాయి దేశపు ముఠా వియ్యాలవారు. ఎదురుగా నిలబడ్డ నలభై ఏళ్ళ ఏజెంటు చిన్నల్లుడు.

"మాస్టారి సంగతి?"

"ఐదున్నరకి విమానం. సెంట్రల్ ఆఫీసుకి పంపుతున్నాం. ఎస్కార్ట్ మరదలు."

మరదలు డబుల్ ఏజెంట్. వియ్యాలవారి దగ్గర జీతం తీసుకుంటూ వాళ్ళ గుట్టు ఏజెన్సీకి చేరవేస్తుంది. ఆమె గదిలోకి వస్తే పెదనాన్న అంతటివాడు కూడా చొక్కా సర్దుకుంటాడు.

పెదనాన్న ఫైలు తెరిచి మరోసారి పేజీలు తిప్పాడు. పైనే చిన్నల్లుడి చేతిరాత. పద్దెనిమిది రోజులు, పద్దెనిమిది ఎంట్రీలు. ఏజెన్సీలో నిఘా రికార్డులు యంత్రాల్లో పెట్టరు. కాగితాన్ని హ్యాక్ చెయ్యలేరని పెదనాన్న సిద్ధాంతం.

"ముత్యాల్లాంటి రాత," అన్నాడు మెచ్చుకోలుగా. "ఈ ఒక్క కాగితంతో ఆయన్ని పట్టేశాం."

చిన్నల్లుడి చూపు తొమ్మిదో ఎంట్రీ మీద పడి, కాలినట్టు పక్కకి తప్పుకుంది.

"వెళ్ళొస్తాను పెదనాన్నా."

"నువ్వు ప్లగ్ పీకేదాకా ఆ మైకు అత్తయ్య హెడ్‌ఫోన్స్‌లో మోగుతూనే ఉంటుంది. నోరు జాగ్రత్త."

*

సంగతి పాతిక రోజుల క్రితం మొదలైంది.

లెక్కల మాస్టారు రిటైరైన గణిత శాస్త్రవేత్త. రక్షణ శాఖ కోడ్ యంత్రాలన్నిటికీ మూలమైన సూత్రం ఒకటి ఆయన బుర్రలో తప్ప మరెక్కడా పూర్తిగా లేదు. ఆ సూత్రం ముక్కలు ముక్కలుగా వియ్యాలవారికి చేరుతోందని మరదలు కబురు పంపింది. అదే వారంలో మాస్టారు ఒక షాపుకి ఫోన్ చేసి, ఇంట్లో రిమోట్ ఎక్స్‌టెండర్ పెట్టించాలన్నాడు. ఏజెన్సీ ఆ ఫోన్ మధ్యలోనే అందుకుంది. షాపు మనిషికి బదులు, షాపు టోపీ పెట్టుకుని చిన్నల్లుడు వెళ్ళాడు.

వేషమే అయినా పని అతనికి కొత్తది కాదు. ఏజెన్సీలో చేరకముందు ఆరేళ్ళు అదే పని చేశాడు. మాస్టారింట్లో ఆంప్లిఫయర్, డిస్క్ ప్లేయర్, టీవీ కేబుల్ డబ్బా అన్నీ హాల్లో చెక్క బీరువాలో ఉన్నాయి. వెన్నెముక ఆపరేషనై మంచం దిగలేని మాస్టారి భార్య వెనక గదిలో ఉంది; ఆవిడ ఎదురుగోడకి టీవీ తెర ఒక్కటే ఉంది. రిమోట్ వెలుగు గోడ దాటదు కదా. అందుకని ఆవిడ గదిలో బొటనవేలి గోరంత సెన్సార్ కన్ను ఒకటి పెట్టాలి. ఆవిడ నొక్కగానే కన్ను దాన్ని పట్టుకుని, సన్నటి వైరు గుండా హాల్లోకి పంపుతుంది. అక్కడ బీరువాలో, ఒక్కొక్క పెట్టె ముఖాన కందిబద్దంత ఎమిటర్ అంటించి ఉంటుంది. అది అదే సంకేతాన్ని మళ్ళీ మిణుకుమిణుకుమని పెట్టెకి చెబుతుంది. చిన్నల్లుడు వీటికి తోడు కన్ను లోపల ఒక మైకు ఇరికించాడు.

తర్వాత ఎదురు మేడ మీద అద్దె గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. కన్ను ఏ సంకేతం పట్టినా అతని ముందున్న పెట్టెలో ఎర్రబల్బు వెలుగుతుంది.

మొదటి రోజే, నాలుగూ పదికి, బల్బు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంది. పదకొండు నిమిషాలు. రిమోట్ నొక్కితే అలా అంతసేపు కొట్టుకోదు. గదిలో మాస్టారి గొంతు మాత్రం వినిపిస్తోంది: "పదిహేడు. నలభై మూడు. తొంభై ఒకటి."

మర్నాడు నాలుగూ పదకొండుకి. ఆ మర్నాడు నాలుగూ పన్నెండుకి. రోజూ అంకెలు, రోజూ పదకొండు నిమిషాలు. గదిలో ఇంకేదో ఇన్‌ఫ్రారెడ్ ట్రాన్స్‌మిటర్ ఉందని అత్తయ్య తేల్చింది. రోజుకో నిమిషం జరపడం చాలా పాత గూఢచారి పద్ధతి అని కూడా చెప్పింది. ఎంట్రీల కాపీ మరదలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే ఆమె తన జాబితా తెచ్చింది. వియ్యాలవారికి సందేశాలు అందిన వేళలు. పద్దెనిమిదికి పద్దెనిమిదీ, నిమిషం తేడా లేకుండా, సరిపోయాయి.

పంతొమ్మిదో రోజు ముగ్గురు మనుషులు వచ్చి మాస్టారిని తీసుకెళ్ళారు.

ఇంతవరకూ ఫైల్లో ఉంది. ఫైల్లో లేనిది ఒకటుంది. తొమ్మిదో రోజు, మంగళవారం, పొద్దుటినుంచి ఒకటే వాన. ఆ పద్దెనిమిది రోజుల్లో వాన పడింది ఆ ఒక్కరోజే. రేకుల మీద చినుకుల శబ్దానికి చిన్నల్లుడికి కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఐదున్నర. ఎలాగూ రోజుకో నిమిషమే కదా అనుకుని, తీరిగ్గా, ముత్యాల్లాంటి రాతతో వేశాడు: "మంగళవారం. 4.18. పదకొండు నిమిషాలు. మాస్టారు గదిలోనే."

చిన్న అబద్ధం. పద్దెనిమిదిలో ఒక్కటి. కానీ ఆ రోజునుంచి అన్నం ముందు కూర్చున్నా, అద్దం ముందు నిలబడినా, ఆ ఎంట్రీ వచ్చి ఎదురుగా కూర్చుంటోంది.

*

నాలుగింటికి మాస్టారింటి బెల్లు కొట్టాడు.

"తోసుకుని రా!" లోపలినుంచి గొంతు. తలుపు గడియ దానంతటదే పైకి లేచింది. గడియకి కట్టిన నైలాను తాడు రెండు కప్పీల మీదుగా, గచ్చు మీద వదులుగా పాకుతూ, హాలు దాటి వెనక గదిలోకి, మంచం దాకా వెళ్తుంది. మాస్టారి సొంత ఏర్పాటు.

హాలు శుభ్రంగానే ఉంది గానీ, ఆరు రోజుల దుమ్ము చెక్క బీరువా మీద సన్నగా పరుచుకుంది. టేబుల్ మీద మాస్టారి కళ్ళజోడు పెట్టె. జోడు లేదు.

"నువ్వా! రిమోట్ అబ్బాయివి. రా రా. నీకు ఫోన్ చేసి చేసి నా వేలు అరిగింది."

"షాపులో పని ఎక్కువైందమ్మా."

"అందరూ అదే చెబుతారు. మా ఆయన్ని తీసుకెళ్ళినవాళ్ళూ పనే అన్నారు. పాత ఫైళ్ళు సర్దాలట. పాత ఫైళ్ళకి ముగ్గురు మనుషులూ, కిటికీలకి నల్ల తెరలున్న వ్యానూ ఎందుకో!" ఆవిడ దిండు మీద తల తిప్పి అతన్ని పరకాయించి చూసింది. "నువ్వు చిక్కిపోయావేం?"

చిన్నల్లుడు టూల్ బ్యాగు కింద పెట్టి, అందులో ఏదో వెతికాడు. వెతకాల్సిందేమీ లేదు.

"కంప్లైంట్ ఏమిటమ్మా?"

"సాయంత్రం నాలుగు దాటాక ఒక పావుగంట నీ యంత్రం చచ్చిపోతుంది. ఎంత నొక్కినా పలకదు. సరిగ్గా ఆ టైముకే నాకు నడుం నొప్పి మొదలవుతుంది, పాట పెట్టుకుందామంటే లేదు. పాపం అందుకే ఆయన పక్కన కూర్చుని లెక్కలు చెప్పేవారు. ఏడో ఎక్కం తొమ్మిదో ఎక్కం కాదు, బుర్ర తిరిగిపోయే లెక్కలు. 'పదిహేడు, నలభై మూడు, తొంభై ఒకటి, తర్వాతది చెప్పు' అనేవారు. ఆలోచిస్తూ నొప్పి మర్చిపోయేదాన్ని."

స్క్రూడ్రైవర్ చిన్నల్లుడి చేతిలోంచి జారి గచ్చు మీద పడింది.

"మీ ఇద్దరూ ఆడుకునే ఆటా అది?"

"పెళ్ళైన కొత్తలోనే పేకాట నేర్పించమంటే ఇది నేర్పారు. నా ఖర్మ!" ఆవిడ నవ్వింది. "ఒకటి చెప్పనా. ఆయనకి కాస్త చెవుడు. హాల్లో ఆంప్లిఫయర్ సౌండు చివరికంటా పెట్టి వెళ్ళారు. ఈ రిమోట్‌తో తగ్గిద్దామంటే ముందు ఆన్ చెయ్యాలి. ఆన్ చేస్తే గోడలు కూలతాయని భయం. అది కూడా చూసి వెళ్ళు."

"చూస్తానమ్మా."

హాల్లోకి వెళ్ళి బీరువా తెరిచాడు. ముందు ఆంప్లిఫయర్ మీది ఎమిటర్ గోటితో ఊడదీశాడు. ఆర్డరు ఆర్డరే. వెనక గదిలోకి వచ్చి, గుమ్మం పైచట్టానికి అంటించిన కన్ను దగ్గరికి స్టూలు జరిపి ఎక్కాడు.

సరిగ్గా అప్పుడు, ఎదురుగా పడమటి కిటికీలోంచి, రెండు మేడల మధ్య సందులోనుంచి, ఎండ గదిలోకి దూకింది. బద్ద పెట్టి గీసినట్టు సన్నటి చార. వచ్చి తిన్నగా కన్ను మీద పడింది.

కన్నులోని ఎర్ర చుక్క పిచ్చిపట్టినట్టు కొట్టుకోవడం మొదలెట్టింది.

చిన్నల్లుడు గడియారం చూశాడు. నాలుగూ ముప్ఫై నాలుగు. ఇవాళ పాతికో రోజు. రోజుకో నిమిషం.

అరచేయి అడ్డం పెట్టాడు. ఎర్ర చుక్క ఆగిపోయింది. చెయ్యి తీశాడు. కొట్టుకుంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"ఏమిటా దాగుడుమూతలు?" అంది మంచం మీదినుంచి ఆవిడ.

ఎక్స్‌టెండర్ పని నేర్పేవాడు మొట్టమొదట చెప్పే మాట, కన్ను మీద ఎండ పడనివ్వకు, అని. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. ఆ పోటుకి కన్ను తికమకపడి లేని సంకేతాన్ని ఉన్నట్టు కొట్టుకుంటుంది, అసలు రిమోట్‌ని గుర్తుపట్టదు. ఆ మాట అతనికి తెలియక కాదు. మంచానికి ఎదురుగోడ మీద, టీవీ కింద పెట్టాలి కన్ను. అక్కడ పెట్టాలంటే బట్టల బీరువా జరపాలి, పన్నెండడుగుల వైరు ఎక్కువ లాగాలి. ఆ రోజు బద్ధకించి గుమ్మం మీద అతికించేశాడు. మైకుకి కూడా అక్కడైతే బాగా వినిపిస్తుందని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

ట్రాన్స్‌మిటర్ లేదు. పాత గూఢచారి పద్ధతి లేదు. రోజుకో నిమిషం జరిగింది సూర్యుడు. మంచంలో ఉన్న భార్య నొప్పి మరిపించడానికి లెక్కలు చెప్పిన మనిషిని, ఒక బద్ధకస్తుడి వైరు దేశద్రోహిని చేసింది.

హాల్లోకి వెళ్ళి ఫోన్ తీశాడు.

"పెదనాన్నా, చిన్నల్లుణ్ణి. మాస్టారు తప్పేం చెయ్యలేదు. కన్ను నేనే తప్పు చోట పెట్టాను. అది పట్టింది ఎండని."

అటువైపు టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"ఎండనా."

"ఔను. ఇప్పుడే కళ్ళారా చూశాను. ప్రయాణం ఆపెయ్యండి."

"ఒరేయ్, ఎండ వియ్యాలవారికి ఉత్తరాలు రాస్తుందా? మరదలి జాబితా మాటేమిటి? పద్దెనిమిదికి పద్దెనిమిది సరిపోయాయి. నీ పనితనం సరిగ్గా లేదంటే నమ్ముతా. ఆమె జాబితా తప్పనడానికి ఆధారం ఉందా? ఉంటే చెప్పు, ఇప్పుడే ఆపిస్తా."

ఉంది.

అది చిన్నల్లుడికి మెరుపులా తట్టింది. మంగళవారం వాన. ఎండే లేదు. బల్బు వెలగలేదు. ఆ రోజు నాలుగూ పద్దెనిమిది అనేది అతని నిద్రమత్తులో పుట్టిన అంకె. అదే అంకె మరదలి జాబితాలోనూ ఉంది. జరగని సందేశం వియ్యాలవారికి అందిందని ఆమె చెప్పింది. అంటే ఆమె జాబితా మొత్తం అతని కాగితం చూసి రాసిందే.

చెప్పాలంటే, దొంగ ఎంట్రీ వేశానని చెప్పాలి. పద్నాలుగేళ్ళ సర్వీసు. ఆ రాతని నమ్మి జైల్లో పెట్టిన వాళ్ళు ఇంకెందరో ఉన్నారు.

"ఉందా, లేదా?"

"మళ్ళీ చేస్తాను," అని పెట్టేశాడు. తన మీద తనకే రోత పుట్టింది.

తర్వాత అతను చేసిన పనికి ఆర్డరు లేదు. వెనక గదిలో బట్టల బీరువాని భుజం పెట్టి జానెడు ముందుకి జరిపాడు. గుమ్మం మీది కన్ను ఊడదీసి, మంచానికి ఎదురుగా, ఎండ జన్మలో చేరని చోట, టీవీ కింద అంటించాడు. పన్నెండడుగుల కొత్త వైరు గోడ అంచున లాగి, అడుగుకొక క్లిప్పు కొట్టాడు. మొదటిసారి అడుగున్నరకి ఒకటే కొట్టాడని గుర్తొచ్చింది. హాల్లో ఆంప్లిఫయర్ ముఖం మీద టార్చి వేసి, నల్ల అద్దం వెనక దాగిన రిసీవర్ కిటికీ ఎక్కడుందో చూసి, సరిగ్గా దాని మీద ఎమిటర్ అంటించాడు. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి.

"మొన్న ఒక మంగళవారం బాగా వాన పడిందే," అన్నాడు వెనక గదిలోకి వచ్చి, తల ఎత్తకుండా. "ఆ రోజు కూడా మాస్టారు మీకు లెక్కలు చెప్పారామ్మా?"

"ఆ రోజా? ఆయన ఇంట్లో ఎక్కడున్నారు! పన్ను పీకించుకోవడానికి పోయి, తడిసి ముద్దై, దవడ వాచి రాత్రికి వచ్చారు. ఎందుకు?"

చివరి క్లిప్పు మీద పడాల్సిన సుత్తి వేలి మీద పడింది. నొప్పి హాయిగా అనిపించింది.

"ఏం లేదమ్మా."

నాలుగూ యాభై ఏడు. చిన్నల్లుడు సుత్తి పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి చెప్పేస్తాడు. నంబరు నొక్కబోతుండగా వీధిలో కారు ఆగింది. హైహీల్స్ చప్పుడు. గడియ తీసుకునే పని లేకుండానే, అతను వేయడం మర్చిపోయిన తలుపు తోసుకుని వచ్చిందామె.

మీగడ రంగు సూటు, నల్ల కళ్ళద్దాలు. ఆమెకన్నా ముందు ఆమె సెంటు వచ్చింది.

"అరె బావా! ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"పని కాలేదు మరదలా. విమానం ఐదున్నరకి కదా. ఇటు వచ్చావేం?"

"చిన్న పని. మాస్టారు కార్లో ఉన్నారు." ఆమె మంచం వైపు నడిచి తియ్యగా నవ్వింది. "నమస్తే అండీ. మీవారు ఎర్ర అట్ట నోటు పుస్తకం తెమ్మన్నారు. సూత్రాలు అందులో ఉన్నాయట."

"ఆయన కార్లో ఉన్నారా? మరి లోపలికి రాలేరా? కాళ్ళు లేవా ఆయనకి?"

"చేతికి బేడీలున్నాయి."

ఆవిడ దిండు మీదినుంచి తల ఎత్తి వీధి వైపు చూడబోయింది.

చిన్నల్లుడు ద్వారబంధం లోంచి వీధిలోకి చూశాడు. కార్లో వెనక సీట్లో తెల్లజుట్టు తల ఒక్కటే. డ్రైవర్ సీటు ఖాళీ. ఎస్కార్టుకి ఇద్దరుండాలని రూలు. సూత్రం సంగతి అడగమని ఎస్కార్టుకి ఎవరూ చెప్పరు.

"మరదలా, ఒక మాట. మంగళవారం నాలుగూ పద్దెనిమిదికి మీ వియ్యాలవారికి ఏం సందేశం అందింది?"

"అంకెలు. ఫైల్లో ఉంది కదా."

"ఫైల్లో ఉంది. జరగలేదు." అతను టీవీ కింది కన్ను వైపు తిరిగి, గొంతు పెంచి, ఒక్కొక్క మాటే పలికాడు. "ఆ రోజు వాన. నేను నిద్రపోయాను. నాలుగూ పద్దెనిమిది అని రాసింది అబద్ధం. మాస్టారు గదిలో ఉన్నారని రాసింది అబద్ధం. ఆయన పన్ను పీకించుకుంటున్నారు. నేను కల్పించిన అంకె నీ జాబితాలోకి ఎలా వచ్చింది? నా కాగితం చూసి రాశావు కాబట్టి. వియ్యాలవారికి ఏ సూత్రమూ చేరలేదు. అందుకే మాస్టారే కావాలి వాళ్ళకి. మా చేతులతోనే మూటగట్టి ఇప్పించుకుంటున్నావు."

మంచం మీద ఆవిడ చూపు మరదలి మీద లేదు. అతని మీదే ఉంది.

"నువ్వా?" అంది మెల్లగా. "నువ్వు రాసిన కాగితం వల్లనా ఆయన్ని..."

"ఔనమ్మా. నేనే."

మరదలు నిట్టూర్చి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. బయటికి వచ్చింది లిప్‌స్టిక్ కాదు. అరచేతిలో ఇమిడే పిస్తోలు.

"నీలాంటి నిజాయితీపరులతో ఇదే చిక్కు బావా. అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాదు. గోడ వైపు తిరుగు. ఏమండీ, పుస్తకం ఎక్కడ?"

"చెబుతా, చెబుతా. చూడమ్మా, కళ్ళజోడు లేకుండా నాకు గోడ కూడా కనపడదు." ఆవిడ దుప్పటి లోంచి చెయ్యి బయటికి తీసి దిండు పక్కన తడిమింది.

దుప్పటి కిందనుంచి నొక్కితే పలకదు, కన్నుకి సూటిగా చూపించి నొక్కాలి, అని మొదటి రోజు చెప్పింది చిన్నల్లుడే. దిండు పక్కనుంచి లేచిన ఆవిడ చేతిలో కళ్ళజోడు లేదు. కొత్త కన్నుని, కొత్త వైరుని అతను ఇంకా టెస్టు చెయ్యలేదు.

ఆవిడ నొక్కింది.

హాల్లో పిడుగు పడింది. సౌండు చివరికంటా పెట్టి ఉన్న ఆంప్లిఫయర్ ఒక్కసారిగా వయొలిన్లూ డప్పులూ కలగలిపి ఇల్లంతా ఊపేసింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మరదలు ఉలిక్కిపడి హాలు వైపు గిరుక్కున తిరిగింది. ఆ అరక్షణం చాలు. చిన్నల్లుడు టూల్ బ్యాగు ఊపి ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్తోలు పేలి గుండు వెళ్ళి గుమ్మం పైచట్టంలో, పాతిక రోజులు కన్ను ఉన్న చోటే, దిగబడింది. తప్పించుకుని హాల్లోకి పరిగెత్తింది మరదలు. ఆవిడ మంచం మీదినుంచే గడియ తాడు గట్టిగా బిగించి పట్టుకుంది. మోకాళ్ళ ఎత్తున సాగిన తాడుకి హైహీల్స్ తగిలి, మీగడ రంగు సూటు గచ్చు మీద బోర్లా పడింది. మిగిలిన వైరుతో అతను ఆమె చేతులు వెనక్కి విరిచి కట్టాడు. ఈసారి ముడులు పొదుపు చెయ్యలేదు.

*

స్టాంపుల దుకాణం వ్యాను ఆరు నిమిషాల్లో వచ్చింది. పెదనాన్న చొక్కా సర్దుకోకుండానే మరదలి పక్కనుంచి దాటి వచ్చాడు.

"విన్నాం. అంతా," అన్నాడు. "ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు గానీ, మైకు ముందు బాగానే వచ్చిందే."

"తప్పు నాదే పెదనాన్నా."

"తెలుసు. రేపటినుంచి ఫీల్డు లేదు. దుకాణంలో ముందు కౌంటర్ దగ్గర కూర్చో. నిజం స్టాంపులు నిజం మనుషులకి అమ్ము. నువ్వు ఇదివరకు రాసిన కాగితాలన్నీ అత్తయ్య తిరగేస్తుంది. ఒక్కొక్కటీ."

"తిరగెయ్యనివ్వండి."

బేడీలు తీసిన మాస్టారు మణికట్లు రుద్దుకుంటూ లోపలికి వచ్చి, ఎవరినీ పట్టించుకోకుండా మంచం అంచున కూర్చున్నాడు.

"ఎర్ర నోటు పుస్తకం అన్నారట. అందులో ఉన్నవి మన లెక్కలే కదా?" అంది ఆవిడ.

"ఏదో ఒకటి చెప్పకపోతే ఇటు తీసుకురాదు కదా. నీకు టాటా చెప్పకుండా విమానం ఎక్కడమేమిటని."

చిన్నల్లుడు ఆయన ఎదుట నిలబడి చెప్పాడు. బద్ధకం, ఎండ, నిద్ర, మంగళవారం. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగే అర్హత ఉందనిపించలేదు. మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"రోజుకో నిమిషం," అన్నాడు చివరికి. "పద్దెనిమిది రోజులు. నీకు ఒక్కసారైనా సూర్యుడు గుర్తుకి రాలేదా?"

"రాలేదండి."

"నా మీద అనుమానం మాత్రం వచ్చింది."

ఫోన్ మోగింది. అత్తయ్య.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాను," అంది గొంతు చించుకుని. "ఆ వయొలిన్ల దెబ్బకి నా ఎడం చెవి పోయింది. ఇన్‌స్టలేషన్ బ్రహ్మాండంగా ఉందని రాస్తున్నా. కంగారుపడకు, ఇది చెవులారా వినే రాస్తున్నా."

చిన్నల్లుడు కన్ను విప్పి, లోపలి మైకు తీసి పెదనాన్న చేతిలో పెట్టి, ఖాళీ కన్నుని మళ్ళీ టీవీ కిందే అంటించాడు. ఆంప్లిఫయర్ సౌండు సగానికి తగ్గించాడు. గచ్చు మీది వైరు ముక్కలు ఏరుతుంటే మంచం మీదినుంచి గొంతు వినిపించింది.

"రిమోట్ అబ్బాయ్, గ్యారంటీ కార్డు ఇవ్వకుండానే పోతున్నావా?"

అతను బ్యాగులోంచి కార్డు తీసి, ముత్యాల్లాంటి రాతతో రాశాడు: "గురువారం. 4.57. కన్ను చోటు మార్చడమైనది. మొదటి తప్పు బిగించినవాడిదే." రెండు చేతులా అందించాడు.

ఆవిడ కార్డుని దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి చదివి, అతని ముఖంలోకి చూసింది.

"ఈ టైము గడియారం చూసి వేశావా, నిద్రలేచి వేశావా?"